నిద్రపోతులకు తిండి

“అమ్మ కావాలా, ల్యాబులో ఆ పురుగులు కావాలా... ఇవాళ తేల్చి చెప్పు వదినా!”

ఆడపడుచు అరుపుకు కోడలు, అత్తయ్యకని కలిపిన మందు గ్లాసును బల్లమీద పెట్టేసింది. మూడోసారి మార్చిన మందు కూడా పనిచేయలేదనీ, అత్తయ్యకు క్యాన్సరు మళ్ళీ తిరగబెట్టిందనీ నిన్ననే డాక్టరు చెప్పాడు. ఇంటిల్లిపాదికీ కంటిమీద కునుకు లేదు. అయినా కోడలు ఆదివారం పూట బ్యాగు తగిలించుకోబోయింది. ఆడపడుచుకు ఒళ్ళు మండదూ మరి!

కానీ అవి పురుగులు కావు... అత్తయ్య కణాలే! ఆపరేషన్‌లో తీసిన గడ్డలో ఒక ముక్క పరిశోధనకు ఇస్తానని సంతకం పెట్టింది ఆవిడే. పైగా “మా కోడలి చేతికే ఇవ్వాలి” అని షరతు! ఆ కణాలను బతికిస్తూ, మందు పోసి, ఏవి చస్తున్నాయో, ఏవి మొండికేస్తున్నాయో చూడటమే కోడలి పని. ఆదివారమని వాటి పోషకద్రవం మార్చకుండా ఊరుకుంటే చచ్చిపోతాయి.

“చావనీ! అమ్మను తినేస్తున్నవాటికి నీ చేత్తో తిండి పెడతావా?” అంటూ ఆడపడుచు బావురుమంది.

కోడలికీ దుఃఖం కట్టలు తెంచుకుంది. “నిజమే... ఇక వెళ్ళను. ఉద్యోగమే మానేస్తాను. అవి చస్తే పీడా పోతుంది!” అని బ్యాగు మూలకు విసిరేసింది. మాట అనేసిందే గానీ ఆమె గుండె చెరువైపోయింది.

గదిలోంచి గోడ పట్టుకుంటూ అత్తయ్య వచ్చింది. కుట్టుమిషను తొక్కి పిల్లల్ని పెంచిన మనిషి. జుట్టు లేని తలకు రుమాలు, ఎముకల గూడులాంటి ఒళ్ళు... చూపులో మాత్రం పాత దర్జా అలాగే ఉంది!

“ఎవరే నా ముక్కను పస్తులుంచేది?” అంది. “అసలు మందుకు అవెందుకు చావవో చెప్పు. నీ ఆడపడుచుకు కూడా అర్థమయ్యేట్టు చెప్పు.”

కోడలు కళ్ళు తుడుచుకుంది. “మందు చకచకా పెరిగే కణాలనే ఎక్కువగా కొడుతుంది అత్తయ్యా. వాటన్నిటికీ మూలమైన కణాలు కొన్ని ఉంటాయి. అవి చాలావరకు కదలకుండా నిద్రపోతుంటాయి. అంతా సద్దుమణిగాక లేచి, మళ్ళీ కొత్తవాటిని పుట్టిస్తాయి...”

అత్తయ్య ఫక్కున నవ్వింది. “మనింట్లో సంగతేగా! చీవాట్లన్నీ పనిచేసేవాళ్ళకే. నా కొడుకు ముసుగుతన్ని పడుకుంటాడు, వాడినెవరూ ఏమనరు!”

సోఫాలో ఉన్న కొడుకు గబుక్కున లేచి నిలబడ్డాడు. ఏడుస్తున్న ఆడపడుచుకు కూడా నవ్వాగలేదు.

“మరి ఆ నిద్రపోతుల పని పట్టేదెలా?”

“అదే వెతుకుతున్నాం. కానీ... అది మీకు అందదేమో అత్తయ్యా!” కోడలు ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది.

అత్తయ్య ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తింది. “సంతకం పెట్టిననాడే నాకు తెలుసే పిచ్చిదానా! నా ఒంట్లో ఉంటే నన్ను తింటాయి. నీ దగ్గరుంటే ఎప్పటికైనా గుట్టు విప్పుతాయి. అన్నం మాడ్చినా చేపట్టిన పని మాడ్చవు నువ్వు. నా పక్కన కూర్చోడానికి కూతురుంది. వాటి పక్కన నువ్వు తప్ప ఎవరున్నారు?”

ఏం మనిషమ్మా! చావును కూడా నలుగురికీ పనికొచ్చేట్టు కత్తిరించి ఇస్తోంది... కోడలు ఆ చేతుల్లో ముఖం దాచుకుంది. ఆడపడుచు మూలనున్న బ్యాగు తెచ్చి, దుమ్ము దులిపి, వదిన భుజానికి తగిలించింది.

వానలు మొదలవక ముందే అత్తయ్య వెళ్ళిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఆదివారం కోడలు మంచం దిగలేదు. దుప్పటి తలదాకా కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.

ఆడపడుచు వచ్చి దుప్పటి లాగింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. చేతిలో బ్యాగు ఉంది.

“లే వదినా... అమ్మ నిద్రపోతులకు తిండి వేళైంది.”