పాట్సీ గోడ పక్కన ఆలుగడ్డలు

ఐర్లండు పడమటి తీరాన, కొనెమారాలో, పాట్సీ పాడుబడ్డ ఇంటి దగ్గరికి చీకటిపడ్డాక ఎవరూ వెళ్ళరు. బతికున్నప్పుడు ఆ ముసలాడు, చలికి చెడకుండా గడ్డీ మట్టీ కప్పి దాచే ఊరందరి ఆలుగడ్డల గుట్టలకీ గొంతు సవరించుకుని మరీ వంకలు పెట్టేవాడట — "అది కప్పడమా, కోడిగూడా?" అని. తన గుట్ట వెన్నున మాత్రం రెల్లును జడలా అల్లి ముడేసేవాడు. ఆ అల్లిక ఇంకెవరికీ చేతకాలేదు.

ఆ ఊరి రైతు కోల్మన్ సరిగ్గా ఆ పాడుబడ్డ ఇంటి గోడ పక్కనే విత్తనపు గడ్డలు గుట్ట పోశాడు. పొడినేల అక్కడే ఉంది మరి. "దెయ్యమా? వస్తే దానిచేత కలుపు తీయిస్తా!" అని సారాకొట్లో కోతలు కోశాడు. గడ్డి, మట్టి కప్పే పని మాత్రం రేపు, రేపు అంటూ వాయిదా వేశాడు.

ఆ రాత్రి గాలి ఆగిపోయింది. గడ్డకట్టే చలి... తెల్లారేసరికి గడ్డలు చెడితే వసంతంలో నాటడానికి ఒక్కటీ మిగలదు. పిల్లలకేం పెట్టాలి? కోల్మన్ గడ్డిమోపు ఎత్తుకుని బయల్దేరాడు.

తను పుట్టి పెరిగిన చేనే. అయినా రాళ్ళగోడలో సందు ఎంత తిరిగినా దొరకలేదు! దారి తప్పించే మాయమట్టి తొక్కాడన్నమాట. దానికి విరుగుడు అందరికీ తెలిసిందే — కోటు తిరగేసి తొడుక్కోవడం. తొడుక్కున్నాడు. లోపల అస్తరుగా కుట్టిన పిండిసంచి గుడ్డ తెల్లగా మెరిసింది.

సందు కనబడింది. అందులో... తెల్లగా... తల లేని ఆకారం!

"ఎ... ఎవరు?"

"ముందు నువ్వు చెప్పు..." అంది ఆకారం, వణుకుతూ.

పక్కచేని నోరీన్ గొంతు! తలను మూసేసింది గడ్డిమోపు. ఆమె కోటూ తిరగేసే ఉంది.

"నువ్వా! ఇక్కడేం పని?"

"నీ గడ్డలు కప్పడానికే, బడాయిరాయుడా! నువ్వొస్తావని కలగన్నానా? దారి తప్పి చచ్చాను."

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. దెయ్యం కంట పడకూడదని ఆర్పేసిన లాంతరు నోరీన్ మళ్ళీ వెలిగించింది. గోడ దగ్గరికి వెళ్ళారు.

గుట్ట కప్పేసి ఉంది. మందంగా గడ్డి, పైన నున్నగా చదును చేసిన తడిమట్టి...

"ఇంత చేసి మళ్ళీ గడ్డి మోసుకొచ్చావా, నోరీన్?"

"నేనిప్పుడేగా వచ్చింది... నువ్వు కాదూ?"

లాంతరు పైకెత్తింది. గుట్ట వెన్నున — రెల్లు జడ.

కోల్మన్ టోపీ తీశాడు. "నా పిల్లల తిండి నిలబెట్టావు, పాట్సీ తాతా," అని గుసగుసగా అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

గోడ అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు... అచ్చం వంక పెట్టబోయే ముందు ముసలాడు సవరించుకునేట్టే.

ముందు పరిగెత్తింది ఎవరని ఆ ఇద్దరూ ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నారు.