మొదటి ‘చాలు’

“ఆకలి” అంది నీళ్ళలోంచి ఒక గొంతు.

గవర్రాజు పెరట్లో కుంట చుట్టూ మూగిన ఇరుగుపొరుగంతా గబుక్కున ఓ అడుగు వెనక్కేశారు. గట్టు మీద గొంతుక్కూర్చున్న డాక్టర్ చారుమతి మాత్రం కదల్లేదు.

“ఇప్పుడు మేత వెయ్యండి బాబాయ్‌గారూ. చిటికెడే సుమండీ.”

గవర్రాజు చిటికెడు వేశాడు. ఎసరు మరిగినట్టు నీళ్ళు కుతకుతలాడాయి. గోల్డ్‌ఫిష్‌లు ముందు ఎగబడ్డాయి, వాటిని తోసుకుంటూ రంగురంగుల కోయి చేపలు వచ్చాయి. అందరికన్నా వెనగ్గా, పట్టపురాణిలా తాపీగా, బొట్టమ్మ వచ్చింది. ఒళ్ళంతా పాలమీగడ, నుదుటి మీద మాత్రం గుండ్రంగా ఎర్రటి మచ్చ. చిన్న ప్లాస్టిక్ కవరులో వేలెడంత పిల్లగా ఈ ఇంటికొచ్చి మోచేతంత అయింది. ఏ పెళ్ళికి ఏం వండబోతున్నాడో గవర్రాజు మొదట చెప్పుకునేది దానితోనే, ఆ తర్వాతే పెళ్ళివారితో.

“చాలు” అంది గొంతు.

పెరడంతా చప్పట్లు. గవర్రాజుకి కళ్ళు చెమర్చాయి. “నా తల్లే! మాట్లాడావటే!”

“మాట్లాడింది చేప కాదండి, యంత్రం” అంది చారుమతి. ఆ ముక్క ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆ కాలానికి కాకినాడలో కుంట లేని ఇల్లు లేదు. నేల అడుగున ఉప్పునీరు ఎక్కి బోర్లన్నీ పాడయ్యాక, పెరట్లో వాననీటి కుంట తవ్వుకోనివాళ్ళకి కొళాయి కనెక్షన్ ఇవ్వకూడదని ఊరికి చట్టం వచ్చింది. కుంటలొచ్చాయి. కుంటల వెనక దోమలొచ్చాయి. దోమపిల్లల్ని తినిపెట్టడానికి గోల్డ్‌ఫిష్‌లొచ్చాయి. వాటి వెనకే కలిగినింటి చుట్టాల్లా కోయి చేపలు దిగాయి. పనికోసం తెచ్చుకున్న చేపలు ఏడాది తిరక్కుండా కన్నబిడ్డలైపోయాయి. వాటికి పేర్లు పెట్టారు, పుట్టినరోజులు చేశారు, ఆదివారం సాయంత్రం దిష్టి కూడా తీశారు. ఆపైన అవి వరసగా చచ్చిపోవడం మొదలుపెట్టాయి.

రోగం ఏమిటంటే, ప్రేమ. కోయికీ గోల్డ్‌ఫిష్‌కీ కడుపు సంచి ఉండదు, ఉన్నదంతా ఒకటే పేగు. కాస్త కాస్తగా రోజంతా మేసే జాతి కాబట్టి ఎంత వేసినా నోరు తెరుస్తాయి. తిన్నది వ్యర్థమై, తిననిది కుళ్ళి, నీళ్ళలో అమ్మోనియా పెరుగుతుంది. అది మొప్పల్ని కాల్చేస్తుంది. ఊపిరాడని చేప పైకొచ్చి నోరు వెళ్ళబెడుతుంది. గట్టు మీదున్న మనిషి “అయ్యో, ఆకలి కాబోలు పాపం” అని ఇంకో గుప్పెడు వేస్తాడు.

దీనికి విరుగుడుగా చారుమతి కనిపెట్టిందే ‘మీనవాణి’. చూడ్డానికి కొబ్బరిచిప్పంత తెప్ప. చేప కండరం కదిలినప్పుడల్లా నీళ్ళలోకి అతి సన్నగా విద్యుత్తు పాకుతుంది. తెప్ప అడుగున ఉన్న సెన్సర్లు ఆ అలికిడిని పట్టుకుంటాయి. పేగు ఖాళీగా ఉంటే ఒక తీరు, నిండితే ఇంకో తీరు. లోపలి చిప్ ఆ తేడా గుర్తుపట్టి రెండే రెండు మాటలు చెబుతుంది.

“ఇంకో మాట నేర్పకూడదా డాక్టరమ్మా? ‘నాన్నా’ అని?” అడిగాడు గవర్రాజు.

“చేప అలా అనదండి.”

“అంటే బాగుండును కదండి.”

చారుమతికి నవ్వొచ్చింది కానీ, కాలేజీ రోజుల్లో డిబేట్లలో ఎదుటివాణ్ణి నీళ్ళు తాగించిన గొంతు ఆమెది, వాదన వదల్దు. “మనుషుల సంగతి వేరండి. చేపకి మొహమాటం లేదు, అబద్ధం రాదు. చాలంటే చాలనే. ఆ ఒక్క మాట వింటే మీ బొట్టమ్మ నిండు నూరేళ్ళు బతుకుతుంది.”

“వినకేం! వింటాను” అన్నాడు గవర్రాజు.

విన్నాడు కూడా. విని ఏం చేశాడన్నదే కథ.

గవర్రాజు పెళ్ళి వంటల కాంట్రాక్టరు. ఆయన వంటకి ఎంత పేరో వడ్డనకి అంతకు రెట్టింపు పేరు. ఆయన బంతిలో కూర్చున్నవాడు పక్కవాడి భుజం పట్టుకోకుండా లేచిన దాఖలా లేదు. పరీక్ష కోసం మొదటి మీనవాణిని అలాంటి మనిషి పెరట్లో వదిలినప్పుడు చారుమతికి ఏ అనుమానమూ రాలేదు. ఆమె చదువు చేపల గురించి మరి.

వానలు తగ్గకముందే, తెప్ప పంపే కబుర్లందుకునే ఆమె ల్యాబ్ స్క్రీన్ మీద ఎర్రగీత లేచింది. గవర్రాజు కుంటలో అమ్మోనియా! స్కూటర్ మీద ఎగిరొచ్చినట్టు వచ్చింది. కుంట మూలన బొట్టమ్మ ఒక పక్కకి ఒరిగి ఉంది. రెక్కలు ఒంటికి అంటుకుపోయాయి. మొప్పలు మాత్రం ఆయాసంగా తెరుచుకుని మూసుకుంటున్నాయి. పక్కనే గవర్రాజు, చేతిలో మేత డబ్బా.

“మెషీన్ చాలు అన్లేదా?”

“అందండి.”

“మరి?”

“ఒక్కసారే అందండి.”

చారుమతికి అరికాలి మంట నెత్తికెక్కింది. “ఒక్కసారంటే సరిపోదా?”

“అదేంటండి, అలాగంటారు?” గవర్రాజు నిజంగానే నొచ్చుకున్నాడు. “మొదటి చాలు మర్యాదకండి. రెండోది మొహమాటానికి. మూడోది కదండి కడుపులోంచి వచ్చేది! మొదటి చాలుకే గరిటె వెనక్కి తీస్తే, పెట్టే మనసు లేదనుకోరూ? పైగా విస్తరికి చెయ్యి అడ్డం పెట్టలేదు కదండి అది.”

“చేపకి చెయ్యేదండీ!”

“ఆయన్నేమనీ లాభం లేదమ్మా” అంది వంటింటి గుమ్మంలోంచి నూకరత్నం, ఆయన భార్య. “మా వీధి కుక్కని చూశారా? నడవదు, దొర్లుతుంది.”

చారుమతి మిగతా ఇళ్ళకి ఫోన్ చేసింది. పరీక్షకిచ్చిన ప్రతి ఇంటా ఇదే వరస. యంత్రం చాలంటుంది, గట్టు మీంచి “అలాగంటే ఎలా, ఇంకొక్క పిడికెడు” అంటారు. ఆమె గట్టు మీద చతికిలబడింది. చేప పేగు చప్పుడు ఇంత సన్నగా విన్నది తను. గరిటె పట్టుకున్న మనిషిని మాత్రం లెక్కలోకే తీసుకోలేదు.

ఏడవడానికి వేళ కాదది. బొట్టమ్మని నీలం టబ్బులోకి మార్చి, క్లోరిన్ విరిచిన నీళ్ళు పోసి, కాస్త కల్లుప్పు వేసి, గాలిబుడగలూదే ఏరేటర్ పెట్టింది. కుంటలో నీళ్ళు సగం తోడించి కొత్తవి నింపించింది. తెప్పని టబ్బులోకి వదిలింది.

“ఇది మళ్ళీ ఆకలి అనేదాకా ఒక్క గింజ పడకూడదు. కుంటలోవాటికీ అంతే, నేను చెప్పేదాకా.”

“పస్తా?” గవర్రాజు మేత డబ్బాని గుండెకి హత్తుకున్నాడు. “నా ఇంట్లోనా?”

నూకరత్నం మేత డబ్బా అలమారలో పెట్టి, తాళంచెవి కొంగుకి ముడేసుకుంది. కుంటలో చేపలు గట్టు దగ్గరికొచ్చి నోళ్ళు తెరుస్తుంటే గవర్రాజు అప్పులవాణ్ణి చూసినట్టు మొహం తిప్పుకునేవాడు. టబ్బు పక్కన పీట వేసుకుని కూర్చుని, తనూ ముద్ద ముట్టలేదు.

“వాటికి పస్తు వైద్యం. మీకెందుకూ?” అంది నూకరత్నం.

“రోగం నాదేనే” అన్నాడాయన.

తెప్ప ఉలకలేదు, పలకలేదు. చారుమతి రోజూ వచ్చి నీళ్ళు పరీక్షించి వెళ్ళేది. ఒకనాడు ఆమె ఉండగానే, ఎండ టబ్బు అంచు దాటి నీళ్ళలోకి దిగుతుండగా బొట్టమ్మ తోక ఒక్కసారి ఆడించింది. నిటారుగా లేచింది.

“ఆకలి.”

గవర్రాజు లేచిన ఊపుకి పీట తిరగబడింది. నూకరత్నం తాళం తీసి ఇచ్చిన డబ్బాలోంచి చిటికెడు వేశాడు. బొట్టమ్మ ఒక్కో గింజే ఏరుకుంది.

“చాలు.”

అప్పటికే ఆయన వేళ్ళలో రెండో చిటికెడు ఉంది. గాల్లో ఆగింది. పెట్టబోయి ఆగడమన్నది ఆ చెయ్యి పుట్టాక అదే మొదలు. గవర్రాజు కళ్ళు మూసుకుని, ఆ చిటికెడు తిరిగి డబ్బాలో వేసి, మూత బిగించాడు.

“నీ మాటే ఖాయం తల్లీ” అన్నాడు.

“చూశారా! ఎదుటివాళ్ళ మాట నమ్మడం కూడా మర్యాదేనండి బాబాయ్‌గారూ” అంది చారుమతి, గెలిచిన ఊపులో. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. ఎందుకంటే గవర్రాజు దాన్ని పెళ్ళి పందిట్లోకి పట్టుకుపోయాడు.

సామర్లకోటలో పెళ్ళి. వడ్డన కుర్రాళ్ళకి ముందే గట్టిగా చెప్పాడు: “మొదటి చాలుకే ముందుకెళ్ళిపోవాలి. బలవంతం పాపం.” బొబ్బట్లు ఎలా వెళ్ళిన పళ్ళేలు అలాగే తిరిగొచ్చాయి. మగపెళ్ళివారు సగం కడుపులతో, నిండు కోపాలతో లేచారు.

“మాటవరసకి చాలంటే నిజంగానే వెళ్ళిపోతారా?” పెళ్ళికొడుకు మేనమామ పందిరి ఎగిరిపోయేలా అరిచాడు. “ఇదేనా మీ మర్యాద!”

“తమరే కదండి చాలన్నారు?” అన్నాడు గవర్రాజు, అమాయకంగా.

ఆ మాటతో మగపెళ్ళివారంతా వెళ్ళి కార్లలో కూర్చున్నారు. పెళ్ళికూతురి తండ్రి ఒక్కో కారు కిటికీ దగ్గరా నిలబడి, బతిమాలి, బొబ్బట్లు తినిపించాక గానీ ఇంజన్లు ఆగలేదు.

ఈ సంగతేదీ తెలియని చారుమతి, మీనవాణి ఊరంతా వాడుకలోకి వస్తోందన్న సంబరంలో, గవర్రాజు ఇంటికి భోజనానికొచ్చింది. పొద్దుటినుంచీ ల్యాబ్‌లో టీ తప్ప ఏమీ లేదు. అరిటాకులో పనసపొట్టు కూర, ముద్దపప్పు, దప్పళం పడ్డాయి. చివర్న నెయ్యోడుతున్న బొబ్బట్టు ఒకటి. అది నోట్లో వేసుకుంటే కరిగిపోయింది. గవర్రాజు రెండోది తెచ్చాడు.

“అబ్బే, చాలండీ” అంది చారుమతి.

గవర్రాజు ఆగిపోయాడు. వెనక్కి తిరిగాడు. పళ్ళెం వెళ్ళిపోతోంది. దాని వెనకే చారుమతి చూపు వెళ్ళిపోతోంది. ఏ వేదిక మీదా తడబడని నాలుక “ఇంకొకటి వెయ్యండి” అన్న చిన్న ముక్క దగ్గర మొరాయించింది.

అంతలో పెరట్లోంచి, సిగ్గూ శరమూ లేకుండా, గట్టిగా వినపడింది: “ఆకలి!”

చారుమతికి బొట్టమ్మ మీద చచ్చేంత అసూయ పుట్టింది.

“ఏవండోయ్, అమ్మాయికి వెయ్యండి” అంది నూకరత్నం.

“చాలందే!”

“చేప చాలంటే నమ్మండి. ఈ పిల్ల మనిషి. సామర్లకోట సరిపోలేదా మీకు?”

గవర్రాజు పళ్ళెంతో తిరిగొచ్చి, విస్తరి ముందు వంగి, టబ్బులోకి చూసినంత శ్రద్ధగా ఆమె మొహంలోకి చూశాడు. “నిజం చెప్పండి డాక్టరమ్మా. చాలా?”

“చాలండీ బాబాయ్‌గారూ, నిజంగా” అంది చారుమతి.

చెయ్యి మాత్రం విస్తరికి అడ్డం రాలేదు.