మడకాలవలో దిగిన జంతువు

“ముందు ఆ జంతువుని మా కాలవలోంచి తియ్యండి!”

తెనాలిలో ఒక టిఫిన్ హోటల్ మేడమీది గదిలో పెళ్లి ఆల్బమ్ పని చేసుకుంటున్న కిషోర్ ఉలిక్కిపడ్డాడు. గుమ్మంలో ఎవరో అమ్మాయి. పేరు లిడియా, రేపల్లెలో సైన్స్ టీచరు. పొద్దున్నే రైలెక్కి వచ్చింది. ఫోను తెచ్చి అతని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టింది.

ఫోనులో మడచెట్ల మధ్య పొగమంచు కమ్మిన కాలవ. అందులో ఏనుగంత జంతువు. దున్నపోతు వీపు, పీత కాళ్లు, మొసలి తోక.

“నేను నెట్‌లో పెట్టిన ఫొటో ఇది. జంతువు మీది, మీ పేజీలో చూశాను. అవునా?”

“అవునండి. బాగుందా?”

అనకూడని మాట అన్నానని అతనికి వెంటనే అర్థమైంది.

“బాగుందా? నాలుగు రోజుల్నించి మా సుందరమ్మత్త పీతలు పట్టడానికి వెళ్లట్లేదు. మా పేటలో ఆడవాళ్లెవరూ కాలవలో కాలు పెట్టట్లేదు. అది కంప్యూటర్ బొమ్మ అత్తా అంటే, ‘ఫొటో తీసింది నువ్వేగా, లేని జంతువు ఎట్టా పడింది?’ అంటోంది.”

కిషోర్ కుర్చీలోంచి లేచాడు. “కంప్యూటర్లో చేశానని కింద రాశానండి. వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఆ రాత పోయినట్టుంది.”

“నన్నడిగారా?”

“లేదండి. అడగాల్సింది. ఆ మంచులో వెలుతురు చూసి ఆగలేకపోయాను. తప్పు నాదే.”

లిడియా రైల్లో దారి పొడుగునా తిట్లు కూడబెట్టుకుంది. ఏది ముందు, ఏది వెనక అని వరుస కూడా అనుకుంది. ఎదుటి మనిషి మొదటి మాటకే తప్పు ఒప్పేసుకుంటే వాటినేం చేసుకోవాలో తోచలేదు.

“నాకు చెప్తే చాలదు. మా వాళ్లకి చెప్పండి.”

“పదండి.” అప్పటికే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టేశాడు.

“ఇప్పుడేనా?”

“నాలుగు రోజులైందన్నారుగా!”

మధ్యాహ్నానికల్లా లిడియా వాళ్ల పేటలో పదిమంది ఆడవాళ్లు ల్యాప్‌టాప్ చుట్టూ చేరారు. కిషోర్ ఒక్కొక్క మీటా నొక్కుతూ పోయాడు. జంతువు చర్మం ఊడిపోయింది. లోపల వలలాంటి గీతలు మిగిలాయి. ఇంకో నొక్కుకి అవీ పోయాయి. కాలవ ఒక్కటే మిగిలింది.

“నా వల్ల మీ పని చెడింది. క్షమించండమ్మా,” అన్నాడు.

సుందరమ్మ కళ్లు చికిలించి చూసింది. “మళ్లీ పెట్టు దాన్ని.”

పెట్టాడు.

“ఇంత బరువు గొడ్డు మా బురదలో దిగితే పొట్టదాకా కూరుకుపోవాలి కదయ్యా! ఇదేంటి, నీళ్లమీద సాలీడులా నిలబడింది? మేమూ చూసుకోలేదు. భయపడ్డవాడికి బురదేం కనపడుద్ది?”

అందరూ పకపకా నవ్వారు. కిషోర్ నవ్వలేదు. జేబులోంచి పుస్తకం తీసి శ్రద్ధగా రాసుకోసాగాడు. “కాలు దిగినప్పుడు చుట్టూ నీళ్లు ఏ రంగుకి తిరుగుతాయండి?”

“రాసుకుంటే ఏం తెలుస్తదబ్బాయ్? దిగు.”

దిగాడు. మూడో అడుగుకే నడుందాకా కూరుకుపోయాడు. ఆడవాళ్లు నలుగురు పట్టి లాగాల్సి వచ్చింది. గట్టుమీద లిడియా కడుపు పట్టుకుని నవ్వింది. ఆమె ఫొటోలు బాగున్నాయన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ ఫొటోలోని బురద గురించి అత్తని అడిగి తెలుసుకున్నవాడు మాత్రం ఇతనొక్కడే. మర్నాటి నుంచి అత్త పీతలకి వెళ్లింది.

ఆ తర్వాత అతను అడగకుండా ఏదీ చెయ్యలేదు.

“లిడియాగారూ, మీ చుండూరు చేల ఫొటోలో కొంగని పెట్టుకోవచ్చా?”

“ఎంత కొంగ?”

“తాటిచెట్టంతండి.”

“పెట్టుకోండి. నాట్లేసేవాళ్లని తొక్కకుండా చూసుకోండి.”

ఒక వారం అతని దగ్గర్నుంచి ఏ కబురూ రాలేదు. ఫోను చెడిందేమోనని లిడియా దాన్ని రెండుసార్లు ఆపి మళ్లీ వేసింది. ఎనిమిదో రోజు అతనే ఫోన్ చేశాడు. బాపట్ల దగ్గర సముద్రపొడ్డున రెక్కల తాబేలుని దించాలట, ఫొటో తీసి పెడతారా అని.

శనివారం సూర్యలంకలో సన్నటి వాన పడి వెలిసింది. కిషోర్ సంచిలోంచి అద్దంలా మెరిసే స్టీలు బంతి తీసి, కర్రకి గుచ్చి ఇసుకలో పాతాడు.

“ఇదేంటి?”

“నాలుగు వైపుల వెలుతురూ ఇందులో పడుతుందండి. ఈ బంతిని ఫొటో తీస్తే, అదే వెలుతురు తాబేలుకీ పెట్టొచ్చు.”

లిడియా రెండు ఫొటోలు తీసి కెమెరాలో చూసుకుంది. “ఇందులో నేను పడుతున్నానే! పక్కకి జరగనా?”

“వద్దండి. ఎటు జరిగినా పడతారు.” అతను ఇసుకకేసి చూశాడు. “వారం నుంచి ఇది చెప్పాలనే చూస్తున్నాను. మెసేజ్ రాయడం, చెరపడం. అంత పెద్ద జంతువుల్ని చెయ్యగలను గానీ ఈ ఒక్క మాట చెయ్యలేకపోయాను. మీరంటే నాకిష్టమండి. మీ ఫొటోల సంగతి వేరే. నేననేది మీ గురించి.”

అల వచ్చి ఇద్దరి చెప్పులూ తడిపి వెళ్లింది. లిడియా కెమెరా దించలేదు. దించితే మొహం కనిపిస్తుంది.

“బంతిలో మీరెందుకు పడట్లేదు?”

“బంతి వెనక నిలబడ్డానుగా.”

“అయితే ఇటు రండి. నా పక్కకి.”

వచ్చాడు. ఆమె మీట నొక్కింది.

“ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక మా ఇంటికి రండి. మా నాన్న బర్నబాస్ మాస్టారితో మీరే మాట్లాడాలి,” అంది.

“కోపం చేస్తారా?”

“నాన్నా? ఆయన టీ ఇస్తారు. అసలు పరీక్ష మా అత్తది.”