గోడవైపు తిరిగిన వాకిళ్లు

నావాళ్లు, పరాయివాళ్లు అని మనుషుల్ని రెండు కుప్పలుగా పోసి, మొదటి కుప్ప మీద కూర్చుని మీసం మెలేసేవాడా! ఎదుటివాడి ఎంగిలి చూసి ముక్కు మూసుకుంటావు. నీ చేతికి అంటిన నెత్తురు మాత్రం నీకు కనబడదు. పైగా శీలం గురించి ఊరికి నువ్వే చెబుతావు. ఈ కథ నీకోసమే. మధ్యలో లేచిపోకు.

వైశాఖమాసపు ఎండలో శిలగిరి దుర్గం చుట్టూ పడమటి రాజు సేనలు విడిసి ఉన్నాయి. నల్లేటి ఇసుక నిండా గుడారాలు, గుడారాల వెనుక ఏనుగుల దొడ్లు, అన్నిటికీ ముందు రాళ్లు విసిరే కొయ్యయంత్రాలు. సూర్యుడు పొడిచింది మొదలు క్రుంకేవరకు ఆ యంత్రాలు కోటగోడను మోదుతూనే ఉండేవి, గోడ విరిగి పడుతూనే ఉండేది. కాని తెల్లవారి చూస్తే పడినంత మేరా గోడ మళ్లీ లేచి నిలబడి, తడి సున్నంతో తెల్లగా మెరుస్తూ శత్రువును వెక్కిరించేది. కోటను ఏదో దేవత కాస్తున్నదని పడమటి సైనికులు గుసగుసలాడుకున్నారు.

దేవత కాదు, అవతలివాళ్లు. తాతలనాడు కరువుకు తాళలేక ఏరు దాటి వచ్చి, కోట లోపలే దిగువన, గోడ పక్కగా ఒక వాడ కట్టుకున్న రాతిపనివాళ్లు. వాళ్ల యాస వేరు, మొక్కే దేవత వేరు. పని మాత్రం ఈ కోటదే.

ఆ అవతలివాళ్లను ద్వేషించడమే వ్రతంగా పెట్టుకున్న గుంపు ఒకటి కోటలో ఉండేది. కుడిచేతికి ఇనుపకడియం వేసుకునేవారు కనుక వారిని కడియం దళమనేవారు. అవతలివాళ్ల చేతి నీరు తాగకూడదు, నిప్పు తీసుకోకూడదు, శుద్ధి చేసుకోకుండా వాళ్ల వాడ మట్టి తొక్కకూడదు, ఎన్నటికైనా వాళ్లను కోట దాటించాలి. ఇదీ వారి ప్రమాణం. దళానికి పెద్ద ముప్పిడినాయకుడు. ఒంటిపూట తినేవాడు, కటిక నేల మీద పడుకునేవాడు, పరస్త్రీని కన్నెత్తి చూసినవాడు కాడు. అంత నిష్ఠనూ ద్వేషానికి ధారపోశాడు. వారిని పోషించేది మంత్రి విద్దన ప్రెగడ. ఆయుధశాల పక్కన వారికి సభామంటపం కట్టించి, నేతికీ బియ్యానికీ లోటు లేకుండా చూసేవాడు. ఎందుకు చూసేవాడో వారెన్నడూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం మంటపంలో సభ తీరింది. దళం తమలో ఒకడైన రేచయను విచారిస్తోంది. ముట్టడి మొదలైన నాడు ముందువరుసలో నిలిచి, భుజాన బల్లెపు పోటు తిన్నవాడు రేచయ. ఇప్పుడు మంటపం నడుమ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కళ్లు మాత్రం దించలేదు.

"రేచయా! అవతలివాడలో ఏచమ అనే విధవ ఇంటికి పోయి శీలం చెడ్డావని నీ మీద అభియోగం" అన్నాడు ముప్పిడినాయకుడు. "ఆమె చేతి అంబలి తాగావా?"

"తాగాను నాయకా. ఉప్పు తక్కువైంది. అయినా రెండోసారి అడిగి తాగాను."

సభలో ఒకడు పకపకా నవ్వాడు. "అంబలి ఒక్కటే పెట్టిందా బావా, ఇంకేమైనా పెట్టిందా?"

"పెట్టింది. ఈ భుజానికి కుట్లు పెట్టింది. రా, విప్పి చూపిస్తాను."

నవ్వినవాడు తల దించుకున్నాడు. ముప్పిడినాయకుడు గొంతు పెంచాడు. "ఆమెతో నీకు సంబంధమేమిటి?"

"రాయి మోసే బొంగుకు రెండు కొసలుంటాయి. ఒక కొస ఏచమ భుజం మీద. రెండో కొసన ఆమె మగడు గుండయ ఉండాలి. అతణ్ణి నిరుడు మనం కోటగోడ మీద నుంచి తోసేశాం కదా! అందుకని ఇప్పుడు నేనుంటున్నాను. అదీ సంబంధం."

రేచయ ఆగలేదు.

"ఆ తోసిన చేతుల్లో నా చెయ్యీ ఉంది. మరునాడు ఇక్కడ ఏ సభా కూర్చోలేదు. రేచయ శీలం ఏమైందని ఒక్కడూ అడగలేదు. పైగా నాకు తాంబూలమిచ్చారు! కాగడాలు పట్టుకుపోయి వాళ్ల గుమ్మాలు తగలబెట్టినప్పుడూ నా శీలం చెడలేదు. చివరికి ఒక ముంత అంబలితో చెడిందా నాయకా?"

"అది వ్రతం. ఇది పతనం" అన్నాడు ముప్పిడినాయకుడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు వణకలేదు. వణికి ఉంటే అతనికి ఇంకా కొంత ఆశ ఉండేది. "సాక్షి రావాలి."

లేచి వచ్చినవాడు విద్దన ప్రెగడ! మంత్రి స్వయంగా సాక్ష్యానికి రావడం చూసి అందరూ లేచి నిలబడ్డారు. దళంలో ఒక కట్టడి ఉంది. సాక్షి ఎంతటివాడైనా సరే, ఏం చూశాడో చెబితే చాలదు. ఎక్కడ నిలబడి చూశాడో కూడా, ప్రమాణాల కోసం మంటపంలో ఉంచిన పెద్ద ఇనుపకడియం పట్టుకుని చెప్పాలి.

ప్రెగడ కడియం పట్టుకున్నాడు. "నిన్న మిట్టమధ్యాహ్నం వీడు ఆ విధవ ఇంటి గడప మీద కూర్చుని ఉండగా, ఆమె వీడి భుజం నిమరడం నా కళ్లారా చూశాను."

"ఎక్కడ నిలబడి చూశారు ప్రెగడగారూ?"

"ఎక్కడేమిటి నాయకా? వీధిలో నిలబడి. కోట నలుమూలలూ చూసుకోవడం మంత్రి విధి కాదా?"

రేచయ నవ్వాడు. ఆ నవ్వుకు ప్రెగడ ముఖం చిట్లించాడు.

"ప్రెగడగారూ, మీరు పట్టుకున్నది కడియం. పట్టుకుని అబద్ధమాడారు" అన్నాడు రేచయ. "మనం కాగడాలతో పోయి వచ్చాక ఆ వాడలో వీధివైపు ఒక్క వాకిలీ లేదు. పాత గుమ్మాలన్నీ రాతితో పూడ్చి, కోటగోడవైపు కొత్త వాకిళ్లు పెట్టుకున్నారు. మనమంటే భయంతో! వీధిలో నిలబడితే కనబడేవి ఇళ్ల వీపులే. ఏచమ గడప కనబడే చోటు కోట మొత్తంలో ఒక్కటుంది. అది దిడ్డివాకిలి మెట్టు."

దిడ్డివాకిలి అంటే ఆ వాడ ఎదుటి కోటగోడలో మనిషి వంగి దూరగలిగినంత చిన్న గుమ్మం. ముట్టడి మొదలైన నాడే దాన్ని మూయించి, ఆ దరికి ఎవరూ పోరాదని రాజు చినభూపతి ఆజ్ఞ ఇచ్చాడు. దాని తాళంచెవి ఉన్నది ప్రెగడ మొలలో.

"రాజు మూయించిన వాకిలి దగ్గర మీకేం పని? గోడ కట్టేవాళ్లను తరిమేయాలని మాకు ఇన్నాళ్లూ నెయ్యి పోసి ఎందుకు చెప్పారు? వాళ్లు పోతే గోడ లేవదు. గోడ లేవకపోతే కోట నిలవదు. పడమటి రాజు మీకేమిస్తానన్నాడు?"

ప్రెగడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా తడబడలేదు. "పతితుడి కూతలు వినడానికి నాకు తీరిక లేదు. రాజసభకు వేళైంది" అని ఉత్తరీయం సర్దుకుని బయటికి నడిచాడు.

"ఆపండి అతణ్ణి!" అని అరిచాడు రేచయ.

"ఆయన మీద అభియోగం లేదు" అన్నాడు ముప్పిడినాయకుడు. "ఆయన సంగతి రాజుగారు చూసుకుంటారు. ఈ సభ కూర్చున్నది నీ శీలం తేల్చడానికి."

విన్నావా? కోట కూలుతోందని చెవిలో చెబితే, అంబలి సంగతి ముందు తేలాలన్నారు. రెండోసారి అడిగి తాగడం ఒక్క తప్పుగా ఎంచాలా, రెండు తప్పులుగా ఎంచాలా అని దళపు పెద్దలు వాదులాడుకున్నారు. చివరికి కడియం తొడిగిన చెయ్యి నరకాలని తీర్పు చెప్పారు. అదే క్షణంలో దిగువవాడ నుంచి కేకలు లేచాయి.

"దిడ్డివాకిలి! శత్రువులు దిడ్డివాకిలిలో దూరుతున్నారు!"

రేచయ కుడిచేతి కడియాన్ని పట్టి లాగాడు. తోలు లేచింది, కడియం ఊడింది. దాన్ని ముప్పిడినాయకుని కాళ్ల దగ్గర పడేశాడు. "ఇదిగో నీ ఇనుము. చెయ్యి మాత్రం ఇవ్వను, దానికి పనుంది" అని, గోడనున్న కత్తి అందుకుని పరుగెత్తాడు.

దళమంతా వెంట పరుగెత్తింది. మంచి వీరులే, కత్తులు పట్టినవాళ్లే. వాడ మొగన ముప్పిడినాయకుడు బల్లెం అడ్డంగా పెట్టాడు. "ఆగండి! శుద్ధి లేకుండా ఆ మట్టి తొక్కకూడదు. పెద్దద్వారపు కావలి వాళ్లకు కబురంపండి." అందరూ ఆగిపోయారు. గుమ్మంలో నుంచి శత్రువు దూరుతూ ఉంటే, ఆ వీరులు హద్దు మీద నిలబడి చూశారు.

దిడ్డివాకిలి దగ్గర రేచయ ఒక్కొక్కణ్ణి వంగి దూరుతుండగానే నరికాడు. అవతలివాళ్లు గడ్డపారలతో, సుత్తులతో అతని పక్కన నిలిచారు. కాని తలుపు లేదు. ప్రెగడ గడియ విరిచి, తలుపు ఊడదీసి, బయట తన కోసం వేచి ఉన్న శత్రుదళంలోకి దూరబోయి, తోపులాటలో పడిపోయి, అవతలివాళ్ల చేతికి చిక్కాడు.

"ఏచమా! ఈ గుమ్మం ఎంతలో పూడుస్తారు?"

"రాళ్లున్నాయి, సున్నముంది. గుమ్మంలో నువ్వు నిలబడి నరుకుతుంటే రాయి ఎక్కడ పెట్టను?" అంది ఏచమ.

"అయితే గుమ్మం బయట నిలబడతాను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "బయట నిలబడితే మళ్లీ లోపలికి దారి ఉండదు." రాయి చేతికెత్తుకుంది. "నా మొగుణ్ణి తోసినవాళ్లలో నువ్వున్నావని నాకు మొదటి నుంచీ తెలుసు. నేను క్షమించలేదు."

"నేను అడగలేదు తల్లీ."

"రాయి పెట్టమంటావా మరి?"

"పెట్టు."

రేచయ వంగి బయటికి దూకాడు. అతని వీపు వెనుక మొదటి రాయి పడింది, దాని మీద రెండోది. వరుస మీద వరుస లేచింది. "రండిరా! ఈ వాకిలికి నేనే తలుపును!" అని అతను పిలుస్తూ ఉండడం లోపలివాళ్లకు చాలాసేపు వినబడింది. చివరి సందు మూయడానికి రాయి ఎత్తినప్పుడు కూడా ఏచమకు ఆ గొంతు వినబడింది. ఆమె ఆగలేదు. ఆగితే అతని చావు వృథా అవుతుంది. రాయి పెట్టి, సున్నం మెత్తి, అరచేత్తో చదును చేసింది. అప్పటికి బయట సద్దు మణిగింది. గోడ నిలిచింది.

మరునాటి పొద్దున రాజు చినభూపతి తీర్పు చెప్పాడు. ప్రెగడను కోటగోడ మీద నుంచి తాళ్లతో అతని మిత్రుల దగ్గరికే దింపమన్నాడు. దిడ్డివాకిలి ఎర చూపి మోసగించాడనుకున్న పడమటి సేనాని అతణ్ణి అక్కడికక్కడే నరికించాడు.

తరువాత రాజు ముప్పిడినాయకుని వైపు తిరిగాడు.

"నాయకా, అవతలివాళ్ల చెయ్యి తగిలినది నీకు మైల కదా! ఈ కోటలో వాళ్ల చెయ్యి తగలని రాయి ఒక్కటి చూపించు. దాని చాటున ఉండి బతుకు."

ముప్పిడినాయకుడు గోడలు చూశాడు, బురుజులు చూశాడు. "లేదు ప్రభూ" అన్నాడు.

"అయితే నీ వ్రతం నీకు దక్కాలి. బయటికి నడువు."

అతను వేడుకోలేదు. కత్తి పట్టుకుని పెద్దద్వారం దాటాడు, ద్వారం మూసుకుంది. సింహంలా పోరాడాడని బురుజు మీద చూసినవాళ్లు చెప్పారు. ఎలా పోరాడితేనేం? సాయంకాలానికి గోడ కింద కందకం ఒడ్డున పడిపోయాడు.

అవతలివాళ్లు తాళ్లు వేసుకుని దిగి రేచయ శవాన్ని పైకి తెచ్చారు. ఏచమ అతని పాడెకు ఒక కొస పట్టింది. అది చూసి కడియం దళం వాళ్లు వాడ మొగకు వచ్చి, హద్దు ఇవతల నిలబడి చేతులు జోడించారు.

"అమ్మా, మా నాయకుడు కందకం ఒడ్డున పడి ఉన్నాడు. గోడ దిగడం మీకే తెలుసు. ఆయన్ను కూడా పైకి తెచ్చి పెట్టండి."

ఏచమ చేతులకంటిన సున్నం కడుక్కుంటూ తల ఎత్తింది. "మేము ముట్టుకోకూడదు నాయనా. చచ్చినవాడి వ్రతం చెడగొడితే పాపం."

ఎవరూ దిగలేదు. శత్రువు బాణాలకు జడిసి దళంలో ఒక్కడూ కదలలేదు. గద్దలు మొదట కళ్లు పొడిచాయి. చూస్తూ నిలబడినవాళ్లు తలలు తిప్పుకున్నారు. ఆషాఢపు వరద వచ్చి పడమటి సేన ముట్టడి ఎత్తేసే నాటికి ముప్పిడినాయకుని ఎముకలు ఏటిలో కలిసిపోయాయి. పిండం పెట్టడానికి చిటికెడు బూడిద కూడా దొరకలేదు.