ఊదారంగు పెట్టె

ఉదయం ఆరు పదికి ఎస్సై వచ్చేసరికి శవం మంచం మీదే ఉంది. గొంతులో అమర్చిన గొట్టం కూడా తీయలేదు.

పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆ మనిషి ఊపిరి ఆ గొట్టంలోంచే. కఫం లాగే సన్నటి ట్యూబులు కడిగి శుభ్రం చేసే పని భార్యది.

కంప్లైంట్ ఇచ్చింది చనిపోయినవాడి తమ్ముడు. మిక్సీలు, టీవీలు బాగుచేసే మెకానిక్. ఇంట్లోవాళ్లకి చిన్నోడు.

"వదినే చంపింది సార్. చేసీ చేసీ విసిగిపోయింది. ట్యూబులు నా పెట్టెలో పెట్టడం మానేసుంటుంది."

పెట్టె అంటే పాత స్టీలు డబ్బా. మూత లోపల అల్ట్రావయొలెట్ ఎల్ఈడీలు అతికించాడు. క్రిములు చస్తాయని ఆన్‌లైన్‌లో చవగ్గా తెప్పించినవి. స్విచ్ వేస్తే లోపలంతా ఊదారంగు.

పోస్ట్‌మార్టం రిపోర్ట్ వచ్చింది. ఊపిరితిత్తుల నిండా ఇన్ఫెక్షన్. ట్యూబుల మీదా అవే క్రిములు. చిన్నోడు తన మాటే నెగ్గినట్టు చూశాడు. లేడీ కానిస్టేబుల్ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

రోజూ పెట్టెలో పెట్టానని భార్య అంది. ఇదివరకు నీళ్లలో మరగబెట్టేదట. చేతులు బొబ్బలెక్కుతున్నాయని చిన్నోడే ఆ పని మాన్పించాడట.

"లైటు వెలుగుతోందని నీకెలా తెలుసమ్మా?"

"మూత సందులోంచి తొంగి చూసేదాన్ని సార్."

"రోజూనా? కళ్లు మండేవా?"

"లేదు."

ఎస్సై పెన్ను ఆగింది. కానిస్టేబుల్‌ని వెళ్లిపొమ్మన్నాడు. పెట్టె ల్యాబ్‌కి పంపాడు.

రిపోర్ట్ రాగానే వదినను వెంటబెట్టుకుని మెకానిక్ షాపుకి వెళ్లాడు.

"ఇది ఉత్త రంగు లైటు. దీనికి క్రిములు చావవు."

"రెండు రకాలు తెప్పించి వెలిగించి చూశాను సార్. ఒకటి చచ్చు సరుకు, వెలిగీ వెలగనట్టుంది. బాగా వెలిగిందే పెట్టాను."

"ఆ చచ్చుదాన్ని దగ్గర పెట్టుకుని చూశావా?"

"చాలాసేపు. లోపం ఎక్కడుందోనని."

"తర్వాత నీ కళ్లు?"

చిన్నోడి చెయ్యి కళ్ల మీదికి వెళ్లింది. వదినే చెప్పింది. కళ్లలో ఇసుక పోసినట్టుందని గోలపెడితే తడిగుడ్డ వేసింది తనేనట. టంకం పొగ అనుకున్నారట.

"క్రిముల్ని చంపే కాంతి కంటికి సరిగ్గా ఆనదు. కంటిని మాత్రం కాలుస్తుంది," అన్నాడు ఎస్సై. "రోజూ తొంగి చూసినా మీ వదిన కళ్లకి ఏమీ కాలేదు. నా అనుమానం అక్కడే. నువ్వు పక్కన పడేసిందే అసలు సరుకు."

చిన్నోడు సొరుగు లాగాడు. ఆ ఎల్ఈడీ తీసి వైరు తగిలించాడు. మినుకుమంది. ముఖం దాని మీదికి వంచాడు.

"చూడకు. కళ్లు పోతాయి."

"పోనివ్వండి సార్."

ఎస్సై స్టూలు మీంచి లేచేలోపే వదిన వైరు పీకేసింది.

ఆరిపోయిన ఆ లైటు కేసి చిన్నోడు ఇంకా చూస్తూనే ఉన్నాడు.