అడిగేవాడి బండ

ఆ కొండ మీద, ఆఖరి మకాం దాటాక, తాడు పట్టుకుని శిఖరానికెళ్ళే దారిలో ఒక బండ ఉంది. గొడుగులా ముందుకు వాలి ఉంటుంది. అక్కడ బరువులు మోస్తూ దారి చూపే షెర్పాలు దాన్ని అడిగేవాడి బండ అంటారు. ఎప్పుడో ఎవడో సీసాలో ఆక్సిజన్ అయిపోయి, కాసేపు కూర్చుందామని దాని కింద చేరి, మరి లేవలేదట. చీకటి పడ్డాక అటు పోయేవాళ్ళని ఇప్పటికీ పేరు పెట్టి పిలుస్తాడట. "కాస్త గాలి..." అని అడుగుతాడట. జాలిపడి మాస్కు తీసిచ్చినవాడు కూడా లేవడు — వాడి పక్కనే కూర్చుండిపోతాడు.

పగలు కూడా అక్కడెవరూ ఆగరు.

ఉర్గెన్ కూడా షెర్పాయే గానీ ఇవన్నీ నమ్మే రకం కాదు. కింద వంట డేరాలో, ఉప్పు టీ తాగుతూ విన్నప్పుడు మాత్రం నమ్మేవాడు కాదు. ఆ రోజు మర్నాటి జట్టు కోసం నిండు సీసాలు పైగట్టు దాకా మోసి, మంచులో పాతిపెట్టి, ఒక్కడే దిగుతున్నాడు. ఈదురుగాలి చాలాసేపు ఆపేసింది. దారిలోనే పొద్దు గుంకింది.

బండకి కొంచెం ఎగువన ఉండగా మాస్కులో ఏదో తేడా తెలిసింది. పీలుస్తున్నాడు... ఏమీ రావడం లేదు. కాళ్ళు తనవి కానట్టున్నాయి.

అప్పుడు వినబడింది.

"ఉర్గెన్..."

తాడు మీద చెయ్యి బిగుసుకుపోయింది. గాలి చప్పుడనుకుందామంటే గాలే లేదు.

"ఉర్గెన్..."

పలకలేదు. పలికితే కదా వాడికి దొరికేది. కానీ వేరే దారేదీ? ఇటు మంచు గోడ, అటు అగాధం. తాడు ఆ బండ ముందు నుంచే పోతుంది.

నాలుగడుగులు దిగి, నుదుటి దీపం అటు తిప్పాడు.

బండ కింద ఎవరో కూర్చుని ఉన్నారు. మోకాళ్ళు ముడుచుకుని, తలకప్పు మీద మంచు పేరుకుని... ఆ తల మెల్లగా పైకి లేచింది.

"కాస్త గాలి..."

పరిగెత్తితే అగాధమే. ఆ భయంలో ఉర్గెన్‌కి వాళ్ళ మామ గ్యాల్జెన్ మాట తట్టింది. ముసలాయన జీవితమంతా ఆ కొండ మీదే గడిపాడు. "పైన కనబడే దెయ్యాలు సగం ఊపిరందక పుట్టినవేనోయ్ అల్లుడూ. భయమేస్తే ముందు సీసా చూసుకో" అనేవాడు. "నిండా గాలి పీల్చాక కూడా కనబడితే?" అంటే, "అప్పుడు నన్నడక్కు" అనేవాడు.

ఆ ఆకారానికి వీపు చూపకుండానే ఉర్గెన్ కూలబడ్డాడు. సంచిలో ఉన్నది ఒకే ఒక్క సీసా. తీశాడు. మర కుదరదు... వేళ్ళు మొద్దుబారాయి... మళ్ళీ తిప్పాడు. సుయ్‌మంది. కళ్ళు మూసుకుని పీల్చాడు. ఇంకా పీల్చాడు. వేళ్ళలోకి వెచ్చదనం పాకింది. బుర్రలో మబ్బు విడింది.

కళ్ళు తెరిచాడు.

వాడక్కడే ఉన్నాడు.

పైగా చెయ్యి చాచాడు. ఉర్గెన్ పెదాలు 'ఓం మణి పద్మే హుం' అని జపిస్తున్నాయి.

"ఏంట్రా అలా చూస్తావు..." అంది ఆ ఆకారం. "దెయ్యాన్నయితే నాకింత చలెందుకేస్తుంది, దున్నపోతా..."

ఆ తిట్టు ఎరుగున్నదే. ఛెవాంగ్! తన ఊరివాడే, వేరే జట్టుతో వచ్చాడు. మధ్యాహ్నమే దిగిపోయాడనుకున్నాడు.

"నేను పైకి తీసుకెళ్ళిన దొర సీసా అయిపోయింది... నాది తగిలించి పంపేశా. కాసేపు కూచుందామని..."

అయినా ఉర్గెన్ వెంటనే మాస్కు తీసివ్వలేదు. ఇచ్చినవాడు లేవడన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. ఛెవాంగ్ నోటి దగ్గర అరచెయ్యి పెట్టాడు. సన్నగా ఊపిరి తగిలింది. అప్పుడు మాస్కు వాడి మొహానికి అదిమాడు.

చాలాసేపటికి ఛెవాంగ్ నిలబడ్డాడు. కాసేపు వాడు, కాసేపు వీడు — ఒకే సీసా పంచుకుంటూ, తాడు వదలకుండా, పడుతూ లేస్తూ మకాం చేరారు.

డేరాలో ఛెవాంగ్‌కి కొత్త సీసా తగిలించి, వేడినీళ్ళు తాగించాడు ఉర్గెన్. వాడి పెదాలకి రంగు తిరిగింది. అప్పుడు గానీ ఉర్గెన్‌కి నవ్వు రాలేదు.

"నీ పిలుపులతో నన్ను చంపేశావు కదరా. తిన్నగా 'నేను ఛెవాంగ్‌ని' అనొచ్చుగా."

"నేనెక్కడ పిలిచాను?" అన్నాడు ఛెవాంగ్. "దీపం పడేదాకా మనిషొస్తున్నాడనే తెలీదు నాకు. పిలిచింది నా పక్కనున్నవాడు."

ఉర్గెన్ చేతిలో గిన్నె ఆగిపోయింది.

ఛెవాంగ్ మాస్కు కొంచెం పక్కకి లాగి, గుసగుసగా అడిగాడు.

"నా తర్వాత... వాడికీ కాస్త మాస్కు పట్టావు కదూ?"

ఉర్గెన్ డేరా తలుపు వైపు చూశాడు. ఆ బండ కింద అతనికి కనిపించింది ఒక్కడే.