వాన నిలవని పడవ

“ఇది తెరచాప పడవ అత్తమ్మా, మిరపకాయలు ఎండబోసే డాబా కాదు. నిన్న గూడ చెప్పిన, మొన్న గూడ చెప్పిన.”

“నేను గూడ నిన్న చెప్పిన, మొన్న చెప్పిన. డాబా మెట్లెక్కుడు నా మోకాళ్లతోని కాదు. వాకిలంత ఇదే పండుకున్నది. మరి నా మిరపకాయలు నెత్తిన పెట్టుకొని ఎండబెట్టాల్నా?”

వరలక్ష్మి స్టూలు మీద నిలబడి చేటలో మిగిలిన మిరపకాయలను కూడా పడవ మీద ఒంపింది. తెల్లగా రంగు వేసిన పడవ పైభాగమంతా ఎర్రగా పరుచుకుంది. గేటు నుంచి వరండా మెట్ల దాకా ట్రైలర్ మీద నిలబడి ఉన్న ఆ పాత ఫైబర్ పడవ వచ్చిన రోజు నుంచి ఇంటి కారు వీధిలోనే ఎండుతోంది, తడుస్తోంది.

“రేపు పొద్దున ధర్మసాగర్ చెరువుకు తీస్కపోవాలె. ఇయ్యాల గింజలన్నీ లోపల రాలుతాన్నయ్,” అంది వినోద.

“అమ్మా, జర పక్కకు జరుగు,” వరండాలో పేపరు చదువుతున్న ఓంప్రకాశ్ తల ఎత్తకుండానే అన్నాడు. “కెప్టెన్ మేడంకు కోపం వస్తాంది.”

భర్త ఆమెను ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టి ఏడాది దాటింది. మొదట్లో అందులో కాస్త సరదా ఉండేది.

కాజీపేట రైల్వే ఆఫీసులో క్లర్కు వినోద. డిగ్రీ చదివే రోజుల్లో సికింద్రాబాద్‌లో ఎన్‌సీసీ నేవీ విభాగంలో చేరి హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడిపింది. తర్వాత పెళ్లి, వరంగల్ మార్కెట్లో మిర్చి కొట్టు ఉన్న ఇల్లు, బిడ్డ. కిందటేడు పాత స్నేహితురాలు ఫోన్ చేసి, ఎవరో రిటైరైన ఆఫీసరు నడుము పోయి తన చిన్న పడవను అమ్ముతున్నాడని చెప్పింది. మంచి స్కూటరు ధర కూడా లేదు. ఇంట్లో అడిగితే వద్దంటారని తెలిసి, వినోద కొన్న తర్వాతే చెప్పింది.

కొనడం చవకే. దాన్ని ఉంచుకోవడమే భారమైంది. తాళ్లు మార్చాలి, కప్పీలు మార్చాలి, చుక్కానికి కొత్త చెక్క వేయాలి. కొత్త తెరచాప కొనే స్తోమత లేక, చినిగినదాన్నే దబ్బనంతో కుట్టుకుంది. వానలకు ముందే అడుగుభాగానికి తానే రంగు వేసింది. వానాకాలమంతా టార్పాలిన్ కప్పి ఉంచింది. టార్పాలిన్ తీసి చూస్తే లోపల చుక్క నీళ్లు లేవు. ఇంటికి ఎవరొచ్చినా ఆ సంగతి చెప్పి మురిసిపోయేది. ఆ మురిపెంలోనే కొత్తవాడలో ఒక మంచి జంపఖానా కొనుక్కొచ్చి పడవ లోపల పరిచింది.

ఇప్పుడు ఆ జంపఖానా నిండా మిరప గింజలు. దులపడానికి వినోద పడవలోకి దిగింది. గింజలు కింది చెక్కల సందుల్లోకి కూడా పోయాయి. తుమ్ముకుంటూ ఒక చెక్క పైకెత్తింది.

అడుగున వెలుతురు కనబడింది. బొటనవేలు పట్టేంత గుండ్రటి వెలుతురు. పక్క చెక్క ఎత్తితే ఇంకొకటి. ముందువైపు మరొకటి. వాటిలోంచి వాకిట్లో బండలు కనబడుతున్నాయి. సరిగ్గా ట్రైలర్ దూలాల చాటున ఉండటంతో కింద నుంచి ఎన్నడూ కంటపడలేదు.

“హారికా!” అని అరిచింది. ఆ గొంతుకు ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు చేతిలోని దువ్వెనతోనే పరుగెత్తుకొచ్చింది. “పడవకు పొక్కలు ఎవరు పెట్టిన్రు?”

“పొక్కలా?” హారిక తెల్లబోయింది.

“నేనే పెట్టిచ్చిన,” అంది వరలక్ష్మి, ఏ బెరుకూ లేకుండా. “వానలప్పుడు మున్సిపాలిటోళ్లు వచ్చి నీళ్లు నిలిస్తే దోమలయితయని చెప్పిపోయిన్రు. టార్పాలిన్ సందులకెంచి నీళ్లు దిగుతాండె. పిల్లకు అప్పుడే జరమొచ్చి తగ్గింది. పూలకుండీకి పొక్క పెట్టమా? గట్లనే వడ్రంగి మొగిలయ్యను పిలిచి డ్రిల్లు కొట్టిచ్చిన.”

“అత్తమ్మా! ఇది నీళ్లల్ల తేలేది!”

“అయితే? నీళ్లు లోపలికొస్తే అదే పొక్కలకెంచి బయటికి పోతయి గదా!”

వినోదకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎన్నడూ పడవ ఎక్కి ఎరుగని మనిషి. తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు.

“పోనియ్ వినోదా,” ఓంప్రకాశ్ పేపరు మడిచి లేచాడు. “అమ్మకేం తెల్సు?”

“నాకు తెల్వదు. అందుకే నిన్ను అడిగిన గదరా,” వరలక్ష్మి కొడుకు వైపు తిరిగింది. “ఒక్కటి చాలన్న. నువ్వే గదా, ఒక్కటయితే నీళ్లు మూలకు ఆగుతయని చాక్‌పీసుతోని గీసి మూడు పెట్టిచ్చినవ్?”

పక్కింట్లో కుక్కర్ కూత వినిపించింది.

“మీకు తెల్సా?” వినోద మెల్లగా అడిగింది.

“ఆ రోజు కోపంల ఉన్న,” అన్నాడతను. “మార్కెట్ల నడువనిస్తలేరు నన్ను. మళ్ల వరదలొస్తే మమ్ముల గూడ మీ ఓడల ఎక్కిచ్చుకో సేటూ అని ఒకడు, సరుకు పడవల తెస్తవా అని ఒకడు. అడగకుండ కొన్నవ్. నా కారు బజార్ల పడ్డది. దాన్ని నువ్వు ఎన్నడన్న నీళ్లల్ల దింపుతవని నేను అనుకున్ననా?”

“రేపే దింపుతాన్న.”

“ట్రైలర్ గుంజుకపోయే జీపు రాదు రేపు.” అతని మాట తడబడింది. “నిన్ననే ఫోన్ చేసి వద్దన్న. నేను మిమ్ముల మునగనిస్తనా?”

“డాడీ,” అంది హారిక. రేపు తాను కూడా ఎక్కబోతున్న సంగతి అతనికి తెలుసు. ఆమె కోసం ఎరుపు రంగు లైఫ్ జాకెట్ తెచ్చింది అతనే. దువ్వెన ఆమె చేతిలోంచి జారి మిరపకాయల మీద పడింది.

“రేపు జీపు రాకపోతే ఎల్లుండి ఇంకో జీపు తెచ్చేదాన్ని,” అంది వినోద. “అప్పుడేం చేస్తుంటిరి? టైర్లల్ల గాలి తీస్తుంటిరా? వానలయిపోయినప్పటి సంది నేను ప్రతి ఆదివారం దీన్లనే ఉన్న. మీరు నిచ్చెన పట్టుకున్నరు. చాయ్ తెచ్చిచ్చిన్రు. ఒక్క మాట చెప్పుటానికి నోరు రాలేదా?”

“ఏ మొకంతోని చెప్పాలె?” ఓంప్రకాశ్ గొంతు పెంచాడు. “వచ్చినోళ్లందరికీ చుక్క నీళ్లు నిల్వలేదని చెప్పుకుంట మురుస్తాన్నవ్! మా తమ్ముని ముందట, మీ ఆఫీసోళ్ల ముందట! ప్రతిసారి ఇయ్యాల చెప్పాలె అనుకున్న. నీ మొకం జూసి చెప్పలేకపోయిన. పొక్కలు కోపంల పెట్టిన. తర్వాత...”

అతను వరండా మెట్టు మీద కూలబడ్డాడు. కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడవసాగాడు. తుడుస్తూనే ఉన్నాడు గానీ మళ్లీ పెట్టుకోలేదు.

“అందరి ముందట నన్ను పిచ్చిదాన్ని చేసిన్రు,” అంది వినోద. “మార్కెటోళ్లు నవ్విన్రని మీకు అంత కోపమొచ్చింది. ఇంట్లనే నవ్వులపాలైన నేను ఎవరి మీద కోపం చేసుకోవాలె?”

వరలక్ష్మికి అప్పటికి సంగతి అర్థమైంది. ఎవరూ చెప్పకుండానే చీర కొంగు పరిచి, పడవ మీది మిరపకాయలను దోసిళ్లతో ఎత్తడం మొదలుపెట్టింది. “నాకు తెల్వదు బిడ్డా, సచ్చినా తెల్వదు,” అని గొణుగుతూనే ఉంది. కాసేపటికి హారిక వెళ్లి ఆమె పక్కన నిలబడి తానూ ఎత్తసాగింది.

ఆ రోజు ఓంప్రకాశ్ కొట్టుకు పోలేదు. వినోద వంట మాత్రం చేసింది. మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చుని ఎవరి కంచంలో వాళ్లు చూసుకున్నారు.

వినోద అందరికీ వడ్డించి, తన కంచం ముందు కూర్చున్నాక నోరు విప్పింది.

“రేపు పడవ పోదు. పొక్కలు పూడ్చాలె. ఫైబర్ గుడ్డ, దానికి పూసే మందు నేను తెస్త. లోపల ఎట్ల అతికియ్యాలె, బయట ఎట్ల అతికియ్యాలె నేను చెప్త.” భర్త వైపు చూసింది. “చేసేది మాత్రం మీరు. మొగిలయ్య కాదు, నేను కాదు.”

ఓంప్రకాశ్ తల ఊపాడు.

“అది గట్టిపడ్డంక వచ్చే ఆదివారం దింపుతం. అత్తమ్మ, హారిక ఒడ్డు మీద ఉంటరు. పడవల మనమిద్దరమే.”

“నాకు ఈత రాదు వినోదా,” అన్నాడతను, వినీ వినబడనట్టు.

“తెల్సు. మీకు లైఫ్ జాకెట్ ఉంటది.”

ఆమె మజ్జిగ గిన్నె అతని వైపు జరిపింది.

“మీరు పూడ్చిన చోటనే నేను కూసుంట.”